బావిలో హంసపది

హైదరాబాదుకు ఆగ్నేయాన బడంగ్‌పేట అనే ఊరున్నది. ఇప్పుడు దాన్ని ఊరంటే ఎవరూ ఒప్పుకోరు. బాలాపూర్ నుంచి నాదర్‌గుల్ దాకా ఎటు చూసినా కాలనీలే, మేడలే. అయినా ఆ మేడల సందున అక్కడక్కడ పెద్ద పెద్ద రాతిగుండ్లూ, ఒక చింతచెట్టూ, ఎవరూ నీళ్లు తోడని ఒక పాతబావీ మిగిలి ఉన్నాయి. మా చెల్లెలి ఇల్లు ఆ బావి పక్కనే.

శ్రావణమాసంలో నేను వాళ్లింటికి వెళ్లిన నాడు ముసురు పట్టి ఉన్నది. ప్రహరీగోడ నిండా పచ్చని మఖమలు పరిచినట్టు పాచి పట్టింది. నాలుగో తరగతి చదివే మా మేనల్లుడు ఆ పాచి మీద మేకుతో తన పేరు చెక్కుకుంటున్నాడు. వాడి అక్క మాత్రం గేటు దగ్గర మొహం ముడుచుకుని నిలబడి ఉన్నది.

"మామయ్యా! బావి పూడ్చేస్తారట!" అన్నది నన్ను చూడగానే.

సంగతేమిటంటే, బావి ఉన్న స్థలం అమ్ముడైపోయింది. కొన్నవాళ్లు దసరా వెళ్లగానే బావిని మట్టితో నింపి ఇల్లు కట్టుకుంటారు. స్థలం వాళ్లది, కాదనేందుకు లేదు. నీటికి ఆ బావిని ఎవరూ వాడడం లేదు కూడా.

"పోనీలే అమ్మా, అందులోని పావురాలు ఇంకోచోట గూడు కట్టుకుంటాయి" అన్నాను.

"పావురాలు ఎగిరిపోతాయి, కప్పలు గెంతిపోతాయి. మరి ఆకులో?" అన్నది మేనకోడలు.

నేను గొడుగు వేసుకుని వెళ్లి చూశాను. అది రాతికట్టు బావి. దిగడానికి గోడలోంచి మెట్టురాళ్లు పొడుచుకు వచ్చి ఉన్నాయి. నీళ్లు చాలా లోతున నల్లగా మెరుస్తున్నాయి. రాతికీ రాతికీ మధ్య ఉన్న సందులన్నిటిలోంచీ లేత ఆకుపచ్చని ఆకులు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి. కాడలు నల్లగా, సన్నగా, నూనె రాసిన వెంట్రుకల్లాగా నిగనిగలాడుతున్నాయి. వాన చినుకులు ఆకుల మీద పడి, ఒక్కటీ అంటుకోకుండా ముత్యాల్లాగా జారిపోతున్నాయి. ఇది ఫెర్న్ జాతి మొక్క. సంస్కృతంలో ఈ రకం మొక్కను హంసపది అన్నారు. శాస్త్రజ్ఞులు అడియాంటం అంటారు. గ్రీకు భాషలో దానికి "తడవనిది" అని అర్థం.

పక్క ఇంటి తాత కూడా వచ్చాడు. బావి ఒకప్పుడు ఆయన తాతముత్తాతలదేనట. మేనకోడలు అగ్గిపెట్టె ఒకటి ఖాళీ చేసి తెచ్చింది, విత్తనాలు ఏరి దాచుకుందామని. తాత నవ్వాడు.

"దీనికి విత్తు లేదు బిడ్డా. ఎవ్వలు నాటలే, ఎవ్వలు నీళ్లు పొయ్యలే. మా తాత బాయి తవ్వించినప్పటి సంది ఇది ఇట్లనే ఉన్నది" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఫెర్నులకు పువ్వు లేదు, కాయ లేదు, విత్తనమూ లేదు. మరి పిల్లమొక్కలు ఎలా వస్తున్నాయి? మన తాత ఒక్కడే కాదు, ప్రపంచమంతా ఎన్నో వందల ఏళ్లు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. యూరప్‌లో జనం ఏమనుకున్నారో తెలుసా? "విత్తనం ఉండే ఉంటుంది, కాని అది కంటికి కనబడదు, అది జేబులో వేసుకుంటే మనిషి కూడా మాయమైపోతాడు!" అనుకున్నారు. ఆ విత్తనం కోసం నడి వేసవిలో అర్ధరాత్రి అడవికి పోయి కాపలా కాసినవాళ్లున్నారట. దొరికిందని ఎవరూ చెప్పలేదు. దొరికినవాళ్లు మాయమయ్యారేమో మరి!

ఆ పిచ్చి నమ్మకంలో కూడా ఒక చిన్న నిజం ఉన్నది. అదేమిటో చూపిస్తానని పిల్లలకు మాట ఇచ్చాను. తాత నడుముకు తాడు కట్టుకుని, మెట్టురాళ్ల మీద జాగ్రత్తగా నాలుగు మెట్లు దిగి, బాగా ముదిరిన ఆకులు రెండు తెంపి ఇచ్చాడు. పిల్లలు దిగుతామన్నారు గాని ఎవరూ ఒప్పుకోలేదు. ఆకు తిరగేసి చూస్తే దాని అంచులు అక్కడక్కడ లోపలికి మడిచి కుట్టినట్టు ఉన్నాయి. ఆ మడతల కింద గోధుమరంగు మచ్చలు. "తెగులు పట్టింది" అన్నాడు మేనల్లుడు. చాలామంది అలాగే అనుకుని ఆ ఆకును తెంపి పారేస్తారు. నేను ఆ రెండు ఆకులనూ తెల్లకాగితం మీద బోర్లా పెట్టి, పైన ఇంకో కాగితం కప్పి, గాలి తగలకుండా ఉంచాను.

మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. ఆకులు ఆరేలోపల అలా తిరిగి వద్దామని బయలుదేరాం. ఊరి చివర రాతిగుండ్ల దగ్గర పిల్లలకు ఇంకో ఫెర్న్ చూపించాను. ఇది బావిలో ఉండేది కాదు. మాడిపోయే బండ సందులో బొటనవేలంత ఎత్తున, చిన్న తాటాకు విసనకర్రల్లాగా ఉంటుంది. పేరు మయూరశిఖ. నెమలి తలమీది కుచ్చులాగా ఉంటుందని ఆ పేరు. వేసవిలో ఆకులన్నీ ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. నాలుగు వానలు పడగానే విప్పుకుంటుంది. అక్కణ్ణించి బస్సులో సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం వైపు వెళ్లాం. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన ఊరది. అక్కడి పెద్ద చెరువూ ఆ కాలపుదే. దారిలో ఒక వరిమడి గట్టున నాలుగేసి రెక్కలతో నీటిమీద తేలే ఆకు కనిపించింది. అది మార్సీలియా. అదీ ఫెర్నే అంటే పిల్లలు నమ్మలేదు. దాని కాడ మొదట్లో మిరియపు గింజంత గట్టి కాయలాంటిది ఉంటుంది. చెరువు ఎండి నేల నెర్రెలు విచ్చినా ఆ కాయ ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. తిరిగి నీళ్లు వచ్చి దాని పెంకు పగలగానే లోపలి నుంచి జిగురు తాడులాంటిది సాగి వస్తుంది. ఒక్క రోజు తిరక్కుండానే పెళ్లి తతంగమంతా అయిపోతుంది! ఆ పెళ్లి సంగతి తరువాత చెబుతాను.

ఇంటికి వచ్చి కాగితం ఎత్తి చూశాం. ఆకు అంచు ఎక్కడెక్కడ ఉన్నదో సరిగ్గా అక్కడక్కడ, ముక్కుపొడి చల్లినట్టు సన్నని గోధుమరంగు పొడి రాలి ఉన్నది. మేనకోడలు ఆశ్చర్యంతో "హా" అనేసరికి సగం పొడి ఎగిరిపోయింది.

"ఇవే విత్తనాలా?" అన్నది.

"కాదు. వీటిని సిద్ధబీజాలు అంటారు" అన్నాను.

ఒక మిల్లీమీటరు దూరంలో ఇలాంటివి పాతికదాకా వరసగా పేర్చవచ్చు. ఒక్కొక్కటీ విడిగా కంటికి కనబడదు. యూరప్ జనం అనుకున్నదాంట్లో నిజం ఇంతే. ఆకు మడత కింద చిన్న చిన్న సంచులుంటాయి. సాధారణంగా ఒక్కొక్క సంచిలో 64 సిద్ధబీజాలు తయారవుతాయి. సంచి వెన్ను మీద గొంగళిపురుగు వీపులాంటి ఒక పట్టీ ఉంటుంది. ఎండ తగిలి అందులోని నీరు ఆవిరయ్యే కొద్దీ ఆ పట్టీ వెనక్కు వంగి, సంచిని చీల్చి, ఉండేలు లాగినట్టు లాగి పట్టుకుంటుంది. ఒక క్షణాన లోపలి నీటిలో బుడగ పుడుతుంది. అంతే! పట్టీ టక్కున ముందుకు కొట్టుకుని సిద్ధబీజాలను విసిరేస్తుంది. ఇది కంటికి అందని వేగం. 2012లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఒక రకం ఫెర్నును అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో చిత్రించి, ఆ విసురు సెకనుకు సుమారు 10 మీటర్లని లెక్క తేల్చారు. మనం గులకరాయిని మెల్లగా విసిరితే ఎంతో, అంత. కాని గాలి ఆపడంవల్ల సిద్ధబీజం అంత వేగంతో ఎక్కువ దూరం పోలేదు. ఆ పైన దాన్ని మోసుకుపోయేది గాలే.

మేనల్లుడు అప్పుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "గాలిలో పోతే ఊరంతా పడాలిగా? మా మిద్దె మీద మొలవలేదేం? బావిలోనే ఎందుకు మొలిచింది?"

మిద్దె మీదా పడుతుంది, రోడ్డు మీదా పడుతుంది, మీ తలమీదా పడుతుంది. అక్కడ ఎందుకు మొలవదో నేను చెప్పలేదు. "మీరే కనిపెట్టండి" అని ఇద్దరికీ చెరొక ఇటుక ఇచ్చాను. ఇటుకలను మరిగే నీళ్లలో ఉడికించాం, పాచీ బూజూ పోవడానికి. చల్లారాక వాటిని నీళ్లున్న పళ్లాలలో నిలబెట్టి, పైన ఆ పొడిని చిటికెడు దులిపి, గాజుసీసాలు బోర్లించి, ఎండ నేరుగా తగలని కిటికీలో పెట్టాం. పళ్లెంలో నీరు తగ్గకుండా చూడమని మాత్రం చెప్పి వచ్చేశాను.

ఇలా పొడి చల్లి ఫెర్న్ మొలిపించడం మొదట చేసినవాళ్లలో ఒకాయన జమైకా దీవిలో వైద్యుడుగా ఉండిన జాన్ లిండ్సే. వానలు పడ్డ తరువాత మట్టికట్టల మీద బుల్లి ఫెర్నులు లేవడం గమనించి, ఆకు వెనకాల పొడిని కుండీలో చల్లి చూశాడు. ఆయన రాసిన వ్యాసం 1794లో లండనులో అచ్చయింది. అయితే ఆయనకు కూడా అసలు రహస్యం తెలియలేదు.

దీపావళికి నేను మళ్లీ వెళ్లాను. బావి అప్పటికి పూడిపోయింది. ఎర్రమట్టీ, పగిలిన ఇటుకలూ, గోడల పెళ్లలూ నింపి చదును చేశారు. పిల్లలు దాని మాట ఎత్తకుండా నన్ను తిన్నగా కిటికీ దగ్గరకు లాక్కుపోయారు. ఇటుకలు రెండూ పచ్చబడ్డాయి. భూతద్దంతో చూస్తే, ఆ పచ్చదనమంతా చిన్న చిన్న ఆకారాలు. ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరులో సగం కూడా ఉండదు. రావి ఆకులాంటి హృదయాకారం, అయితే కాడ లేదు, ఈనె లేదు. ఇటుకకు అంటుకుని బల్లపరుపుగా పడి ఉన్నది.

"మామయ్యా, ఇది హంసపది కాదు. పొడి మారిపోయింది" అన్నది మేనకోడలు ఏడుపు గొంతుతో.

నేనూ మొదటిసారి చూసినప్పుడు ఇలాగే అనుకున్నాను. ఈ హృదయాకారపు దాన్ని ప్రథాలస్ అంటారు. సిద్ధబీజంలోంచి హంసపది రాదు. ఇది వస్తుంది. ఇది హంసపదికి బిడ్డే, కాని తల్లి పోలిక ఒక్కటీ ఉండదు. తన వేళ్లు తనవే, తన తిండి తనదే. హంసపది మళ్లీ రావాలంటే దీనికి పిల్ల పుట్టాలి. అంటే హంసపదికి హంసపది మనమరాలే అవుతుంది గాని కూతురు కాదు!

ఇంకో విచిత్రం. మేనల్లుడి ఇటుక మీద ఆ హృదయాల నొక్కుల్లోంచి ఐదారు చోట్ల బుల్లి ఆకులు లేచాయి. ఆవగింజంత విసనకర్ర, దారప్పోగంత నల్లటి కాడ. అవి హంసపదులే. మేనకోడలి ఇటుక మీద హృదయాలు ఇంకా బాగా పెరిగాయి గాని ఒక్క విసనకర్రా లేదు. ఆ పిల్ల చెప్పినమాట చెప్పినట్టు చేసింది. పళ్లెంలో నీరు తగ్గనివ్వలేదు, సీసా ముట్టుకోలేదు. వాడు మాత్రం రోజూ సీసా తీసి, అందరికీ కనబడకుండా చేత్తో నీళ్లు చిలకరించాడట. నిలదీస్తే ఒప్పుకున్నాడు.

ఎప్పుడైనా అల్లరే పైచేయి అవుతుందని నేను అనను. కాని ఈసారి అయింది. ఎందుకో వినండి.

ఆ హృదయం అడుగుభాగాన రెండు రకాల అవయవాలు ఉంటాయి. నొక్కు దగ్గర చిన్న కూజాలలాంటివి, ఒక్కొక్కదానిలో ఒక అండం. వేళ్లలాంటి పోగుల మధ్య చిన్న బంతులలాంటివి, వాటి నిండా పురుషబీజాలు. ఈ పురుషబీజాలు మెలితిరిగి, ఒంటినిండా కొరడాల్లాంటి తోకలతో ఉంటాయి. అవి ఎగరలేవు, పాకలేవు. ఈదగలవు, అంతే. కూజా దగ్గరకు చేరాలంటే ఆకు అడుగున, పొరలాగానైనా సరే, నీరు పరుచుకుని ఉండాలి. దారి ఎలా తెలుస్తుందంటారా? ఆపిల్ పండుకు పులుపునిచ్చే పదార్థం ఒకటున్నది, దాన్ని మాలిక్ ఆమ్లం అంటారు. కూజా మెడ తెరుచుకున్నప్పుడు అలాంటి పులుపు నీటిలో కలుస్తుందనీ, దాన్ని పట్టుకుని పురుషబీజాలు ఈదివస్తాయనీ 1884లో పెఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఈదవలసిన దూరం మహా అయితే కొన్ని మిల్లీమీటర్లు. కాని నీటిచుక్క లేకపోతే అది సముద్రమంత ఎడం. మేనకోడలి ఇటుక లోపల తడిగా ఉన్నది గాని, పైన ఈదడానికి నీరు లేదు.

చిక్కుడుకూ మామిడికీ ఈ బాధ లేదు. వాటి పుప్పొడి గాలిలోనో, ఈగ కాలికి అంటుకునో పొడిగానే పోతుంది. అక్కడ గొట్టం పెంచుకుని అండం దగ్గరకు చేరుతుంది. పుట్టిన బిడ్డకు తల్లి సద్ది కట్టి, పెంకు తొడిగి పంపుతుంది. అదే విత్తనం. సిద్ధబీజానికి సద్దిమూట లేదు. గాలిలో తేలి ఎంత దూరమైనా పోతుంది గాని, పడిన చోట తడీ నీడా లేకపోతే దాని పని సరి. మిద్దె మీద మొలవకపోవడానికీ, బావిలో మొలవడానికీ కారణం మేనల్లుడు అప్పుడు తనే చెప్పాడు. బావి గోడ ఎప్పుడూ చెమరుస్తూనే ఉంటుంది కదా! ఆకు మీద ఒక్క చుక్క నిలవనివ్వని మొక్కకు మనమరాలు పుట్టాలంటే చుక్కనీరే దిక్కు కావడం విచిత్రం కాదూ?

ఈ రెండు బతుకుల కథను మొత్తం విడదీసి చెప్పినవాడు కాలేజీలో చదివిన పండితుడు కాడు. పేరు హాఫ్‌మైస్టర్. జర్మనీలో లైప్జిగ్ నగరంలో తండ్రితో కలిసి సంగీతపు పుస్తకాలు అచ్చువేసి అమ్మే వ్యాపారి. తెల్లవారకముందే లేచి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పనిచేసి, తరువాత దుకాణానికి పోయేవాడు. 1851లో, 27 ఏళ్ల వయసులో, నాచుమొక్కలూ ఫెర్నులూ ఇలా ఒక తరం విడిచి ఒక తరం రూపం మారుస్తాయని పుస్తకం రాశాడు. ఆ తరువాత విశ్వవిద్యాలయం వాళ్లే ఆయన్ను పిలిచి ఆచార్య పదవి ఇచ్చారు.

అన్నట్టు, గోడమీద మేనల్లుడు పేరు చెక్కిన పాచి కూడా ఆ నాచు జాతిదే. దానిలో లెక్క తలకిందులు. మనం చూసే పచ్చని మఖమలే హృదయానికి సాటి. దాని నెత్తిన జుట్టు పోగులా లేచే సన్నకాడా, చివరన చిన్న బుడ్డీ హంసపదికి సాటి. ఇక్కడ మనమరాలు అమ్మ నెత్తిమీదే కూర్చుని తింటుంది!

ఆ రాత్రి మేనకోడలు తన ఇటుక మీద గిన్నెడు కాచి చల్లార్చిన నీళ్లు చిలకరించింది. తమ్ముణ్ణి దగ్గరకు రానివ్వలేదు.

సంక్రాంతికి నన్ను రమ్మని ఇద్దరూ ఫోను చేశారు. రెండు ఇటుకల మీదా హంసపదులు అంగుళమెత్తున నిలబడి ఉన్నాయి. హృదయాలు చాలావరకు వాడి మాడిపోయాయి. వాటి పని అయిపోయింది. ఇక వీటిని ఎక్కడ పెట్టాలి? కుండీలో పెడదామన్నది మా చెల్లెలు. తాత ఒప్పుకోలేదు. "మా చెలకల ఇంకో బాయున్నది. అది నేనుండంగ అమ్మ" అన్నాడు.

కనుమ నాడు అందరం ఆటోలో నాదర్‌గుల్ దాటి ఆయన చెలకకు పోయాం. ఇటుకలను సుత్తితో మెల్లగా ముక్కలు చేసి, బొక్కెనలో పెట్టి దించాం. తాత తాడు పట్టుకుని దిగి, నీరు ఊరే రాతి సందులు వెతికి, ఒక్కొక్క ముక్కనూ తడిమట్టితో మెత్తి కూరాడు. మొత్తం పదకొండు ముక్కలు. పైనుంచి మేనకోడలు లెక్కపెడుతూనే ఉన్నది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. గేటు తీస్తూ మేనల్లుడు ఆగిపోయాడు. ఇంటి వెనక గోడమీద, కారే నీళ్లట్యాంకు కింద, ఇటుకల సందులో ఒక మొక్క ఉన్నది. నడుమ పొడుగాటి ఈనె, అటూ ఇటూ నిచ్చెనమెట్లలాగా సన్నని రెక్కలు. హంసపది కాదు. అది టెరిస్ అనే ఇంకో ఫెర్న్. బావిలో ఆ రకం లేదు. ఆ చుట్టుపక్కల కూడా నేనెక్కడా చూడలేదు.

"ఇది ఎక్కణ్ణించి వచ్చింది, మామయ్యా?"

"గాలిలోంచి" అన్నాను.

"దాన్నేం చూస్తారు? ట్యాంకు బాగుచేయడానికి రేపు ప్లంబరు వస్తున్నాడు" అన్నది లోపలి నుంచి మా చెల్లెలు.

మేనకోడలు గబగబా వెళ్లి ఆకును తిరగేసి చూసింది. అంచు పొడుగునా గోధుమరంగు గీత ఉన్నది. ఆ పిల్ల తెల్లకాగితం కోసం లోపలికి పరిగెత్తింది.